పింగాణీ బొమ్మలు తరతరాలకీ నిలవాలంటే: దసరా కొలువు పెట్టే ఇళ్ళకి సమగ్ర మార్గదర్శి

మా అనంతపురం వైపు, కడప కర్నూలు వైపు కూడా, దసరాకి కొలువు పెట్టే పాత ఇళ్ళలో కొయ్య బొమ్మలు, మట్టి బొమ్మల మధ్య ఒకటో రెండో పింగాణీవి కనిపిస్తూ ఉంటాయి. గొడుగు పట్టుకున్న దొరసాని, కిమోనో కట్టిన జపాన్ పాప, వీణతో సరస్వతి, తెల్ల కుక్కపిల్ల, ఇట్లాంటివి. ఎవరిదని అడిగితే "మా జేజిది" అంటారు, అంటే నాయనమ్మది. ఆమెకి ఎట్లా వచ్చిందని అడిగితే చెప్పేవాళ్ళు ఉండరు. నాకు బాధ కలిగేది అక్కడే. ఎవరు తెచ్చారు, ఏ ఊరి నుంచి, ఏ సందర్భానికి అన్నది తెలిసినంత కాలమే అది ఆ ఇంటి బొమ్మ. అది మరిచిపోయిన మరుసటి తరం దాన్ని పాత సామాన్ల కింద ఇచ్చేస్తుంది, వాళ్ళని తప్పు పట్టడానికి కూడా లేదు. అందుకని కొనడం దగ్గర కాకుండా రాసుకోవడం దగ్గర మొదలుపెడదాం.

మొదట ఇంట్లో ఉన్నవి బయటికి తీయండి

కొత్తది ఒక్కటి కూడా కొనకముందే, ఇంట్లోనూ, అత్తగారింట్లోనూ, చిన్నాయన వాళ్ళింట్లోనూ ఏమున్నాయో చూడండి. అటక మీద, ఇనప బీరువా అడుగు అరలో, టీవీ స్టాండు వెనక, అన్నీ. నేల మీద దుప్పటి పరిచి దాని మీద వరసగా పెట్టండి. ఇంట్లో పెద్దావిడని కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, ఒక్కో బొమ్మనీ ఆమె చేతికిచ్చి "ఇది యాడ నుంచి వచ్చిందవ్వా?" అని అడగండి. చేతికి ఇవ్వడం ముఖ్యం. దూరంగా చూపిస్తే "ఏమో నాయనా, గుర్తులేదు" అనేవాళ్ళే, చేతిలో పెట్టి నాలుగు నిమిషాలు ఆగితే "మీ అబ్బ బళ్ళారి నుంచి తెచ్చినాడు, మీ నాయన కడుపులో ఉండంగ" అని మొదలుపెడతారు. గుంతకల్లు మద్రాసు–బొంబాయి రైలు మార్గంలో పెద్ద జంక్షన్ కదా, ఇంట్లో ఎవరైనా రైల్వేలో పనిచేసి ఉంటే ఆ వైపు నుంచి కూడా అడిగి చూడండి.

తర్వాత ఒక గట్టి అట్ట ఉన్న లాంగ్ నోట్‌బుక్ తీసుకుని బొమ్మకి ఒక పేజీ ఇవ్వండి. నంబరు, ఇంట్లో పిలిచే పేరు, ఎవరు తెచ్చారు, ఎవరికిచ్చారు, ఏ సంవత్సరం, ఎత్తు ఎన్ని సెంటీమీటర్లు, అడుగున ఉన్న ముద్ర చేత్తో గీసిన బొమ్మ, ఎక్కడ చెక్కు పోయింది, చివరగా పెద్దావిడ చెప్పిన కథ ఆమె మాటల్లోనే. సంవత్సరం కచ్చితంగా తెలియకపోతే "పెద్దక్క పెళ్ళికి ముందు" అని రాసినా చాలు, తర్వాత లెక్క కట్టుకోవచ్చు. ఫోటోలు ముందు నుంచి, వెనక నుంచి, అడుగు నుంచి మూడు తీసి, ప్రింట్ వేయించి అదే పేజీకి అంటించండి. ఫోన్ పోతే ఫోటోలు కూడా పోతాయి, నోట్‌బుక్ ఉంటుంది.

నంబరు బొమ్మ మీద వేయాలంటే అడుగున నున్నటి పూత లేని గరుకు అంచు మీద మెత్తటి పెన్సిల్‌తో చిన్నగా రాయండి. మార్కర్ వద్దు, అంటించే స్టిక్కర్ అసలే వద్దు. మన ఎండలకి ఆ జిగురు కరిగి మరకై కూర్చుంటుంది.

అది నిజంగా పింగాణీయేనా?

ఈ ప్రశ్న తేలకుండా కడగడం మొదలుపెట్టకండి. కొలువులో ఉండేవన్నీ మెరుస్తూనే ఉంటాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మకి, పేపరు గుజ్జు బొమ్మకి, తెల్ల పొణికి కర్రతో చేసే కొండపల్లి బొమ్మకి నీళ్ళు తగిలితే అయిపోయినట్టే. ఈ మధ్య గిఫ్ట్ షాపుల్లో పింగాణీ అని అమ్మేవాటిలో చాలా భాగం రెసిన్, అంటే అచ్చులో పోసి చేసే ప్లాస్టిక్ లాంటిది.

పింగాణీ అంటే కేయోలిన్ అనే తెల్లమట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ కలిపి బట్టీలో సుమారు 1300 నుంచి 1400 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చింది. అంత వేడికి లోపలి మట్టి సగం గాజులా కరిగి గట్టిపడుతుంది, అందుకే నీళ్ళు పీల్చదు. దీన్నిబట్టే ఇంట్లో చేసుకోగల పరీక్షలు వస్తాయి. చెంపకి ఆనిస్తే పింగాణీ చల్లగా ఉంటుంది, రెసిన్ అంత చల్లగా ఉండదు. అరచేతిలో పెట్టుకుని గోటితో మెల్లగా మీటితే ఖంగుమంటుంది, ఎక్కడో పగులుంటే బద్దగా పలుకుతుంది. చేతివేళ్ళు, పావడా అంచుల్లాంటి పలచటి చోట వెనకనుంచి టార్చి వేస్తే వెలుగు కొద్దిగా దిగుతుంది. తిరగేసి చూస్తే గరుకు అంచు తెల్లగా ఉంటుంది, ఎర్రగానో బూడిదరంగుగానో ఉంటే అది పింగాణీ కాదు, పైన గాజుపూత వేసిన మామూలు మట్టి. ఇంకొకటి, లోపల బోలుగా ఉన్న బొమ్మకి అడుగునో వెనకో చిన్న బెజ్జం ఉంటుంది. బట్టీలో లోపలి గాలి వేడెక్కి బయటికి పోవడానికి దారి లేకపోతే బొమ్మ పగిలిపోతుంది, అందుకని పెడతారు. దాన్ని లోపం అనుకుని మైనంతో పూడ్చేవాళ్ళున్నారు, అలా చేయకండి.

మెరుపు లేకుండా, చర్మంలా మసకగా ఉండే పింగాణీ కూడా ఉంది. దాన్ని బిస్క్ అంటారు, పైన గాజుపూత వేయకుండా వదిలేసింది. పాత బొమ్మల ముఖాలు చాలావరకు ఇలాంటివే. దీనికి మురికి త్వరగా పడుతుంది, కడగడం వేరేగా ఉంటుంది, ముందుకి చెప్తాను.

అడుగు ముద్ర చదవడం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది. ఒక భూతద్దం, మంచి వెలుతురు ఉంటే చాలు.

బ్రిటిష్ ప్రభుత్వం 1887లో సరుకుల ముద్రల చట్టం తెచ్చాక, ఇక్కడ కూడా 1889లో అలాంటి చట్టమే వచ్చింది. అప్పటినుంచి విదేశీ సరుకు మీద తయారైన దేశం పేరు వేయడం మామూలైంది. జర్మనీ పేరు ఉత్తగా ఉంటే రెండో ప్రపంచయుద్ధానికి ముందుది కావచ్చు. "వెస్ట్ జర్మనీ" అని ఉంటే అది 1949 నుంచి 1990 మధ్యలోది, అందులో అనుమానం లేదు, ఎందుకంటే ఆ పేరుతో దేశం ఉన్నదే అప్పుడు. జర్మనీ ఫ్యాక్టరీలు మన దేశం కోసమే రాజా రవివర్మ చిత్రాల తరహాలో లక్ష్మి, సరస్వతి, కృష్ణుడి బొమ్మలు చేసి పంపేవి. తమిళనాడులో చెట్టినాడు ఇళ్ళలో అవి బాగా కనిపిస్తాయి. మీ ఇంట్లో దొరలాంటి ముఖంతో, గులాబీ బుగ్గలతో ఉన్న సరస్వతి ఉంటే వెంటనే తిరగేసి చూడండి.

జపాన్ బొమ్మలకి ఇంకో లెక్క ఉంది. అమెరికా 1891లో దేశం పేరు ముద్ర తప్పనిసరి చేయడంతో జపాన్ వాళ్ళు "నిప్పాన్" అని వేశారు, 1921 నుంచి అది పనికిరాదు "జపాన్" అనే ఉండాలన్నారు. యుద్ధం తర్వాత అమెరికా సైన్యం ఆధీనంలో ఉన్న రోజుల్లో, 1947 నుంచి 1952 దాకా, "ఆక్యుపైడ్ జపాన్" అని వేసినవి వచ్చాయి. ఇవి అమెరికాకి పోయే సరుకు కోసం పెట్టిన నియమాలు కాబట్టి మన దగ్గరికొచ్చిన ప్రతి బొమ్మకీ వర్తిస్తాయనుకోవద్దు, కానీ ఆ ముద్ర ఉంటే కాలం పట్టుకోవచ్చు. ముద్రే లేకపోతే కాగితం లేబుల్ ఎప్పుడో ఊడిపోయి ఉండొచ్చు, దానికి దిగులు పడనక్కర్లేదు.

పెద్ద పేర్లు రెండు మూడు తెలిసి ఉండాలి. యూరప్‌లో మొదటి గట్టి పింగాణీ ఫ్యాక్టరీ జర్మనీలోని మైసెన్, 1710లో మొదలైంది, దాని గుర్తు నీలంరంగులో అడ్డంగా పెట్టిన రెండు కత్తులు. లోకంలో ఎక్కువగా నకలు కొట్టిన ముద్రల్లో అదొకటి, కాబట్టి కత్తులు కనిపించగానే ఇల్లు మారిపోతుందని సంబరపడకండి. స్పెయిన్‌లో వాలెన్సియా దగ్గర అల్మాసెరా అనే ఊళ్ళో ముగ్గురు అన్నదమ్ములు ఇంట్లో బట్టీ పెట్టుకుని 1953 ప్రాంతంలో మొదలుపెట్టినది యాద్రో. ఇప్పుడు వాళ్ళు వినాయకుడు, రాధాకృష్ణులు కూడా చేస్తున్నారు, ధరలు మాత్రం మనలాంటి వాళ్ళు అద్దం బయటనుంచి చూసేవే. హైదరాబాద్ వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ పింగాణీ గదులకి ఒక పూట కేటాయించండి. కొనడానికి వెళ్ళేముందు మంచి బొమ్మల ముఖం, వేళ్ళు, బట్టల మడతలు ఎలా ఉంటాయో కన్నుకి అలవాటు కావాలి. పిల్లల్ని కూడా తీసుకెళ్ళండి.

ఏం సేకరించాలో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చండి

కనిపించినదల్లా కొంటే రెండేళ్ళలో బీరువా నిండుతుంది, ఏదీ గుర్తుండదు. ఏదో ఒక గీత గీసుకోండి. వాద్యాలు వాయించే బొమ్మలు మాత్రమే, లేదా పక్షులు మాత్రమే, లేదా తల్లీబిడ్డల బొమ్మలు మాత్రమే. కొలువుకి ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చాలన్న ఆచారం మనకి ముందునుంచీ ఉంది, దాన్నే నియమంగా పెట్టుకోండి. ఏడాదికి ఒక్కటి, అంతే. ఎవరు ఎంచాలన్నది ఏటా మారాలి. ఈసారి నాన్న, వచ్చేసారి చిన్నది, ఆ తర్వాత అవ్వ. ఎనిమిదేళ్ళ పిల్ల ఎంచిన బొమ్మ మీకు నచ్చకపోవచ్చు, అయినా కొనండి. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ పిల్ల కొలువు పెట్టాలనుకుంటే కారణం అదే అవుతుంది. పెళ్ళి, పుట్టుక, ఉద్యోగం, కొత్త ఇల్లు లాంటి వాటికి అదనంగా ఒకటి చేర్చుకోవచ్చు.

ఎక్కడ దొరుకుతాయి, కొనేముందు ఏం చూడాలి

అనంతపురంలో పాత పింగాణీ అమ్మే ప్రత్యేకమైన బజారు కోసం తిరగడం కన్నా బంధువులకి నోటిమాట చెప్పి ఉంచడమే మేలు. పాతూరులో ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు అటకల మీది సామాన్లు బయటికొస్తాయి, పాత సామాన్ల వాళ్ళతో పరిచయం పెట్టుకుంటే ముందు మీకే చూపిస్తారు. హైదరాబాద్‌లో జుమ్మెరాత్ బజార్ గురువారాలు జరుగుతుంది, బొంబాయిలో చోర్ బజార్ ఉంది, తమిళనాడు వెళ్తే కారైకుడిలో మునీశ్వరన్ కోయిల్ వీధి పాత వస్తువులకి పేరు.

చేతిలోకి తీసుకున్నాక వేళ్ళు, ముక్కు, చెవులు, పూలరేకులు, గొడుగు కొన, ఇవి ముందు చూడండి, పోయేవి అవే. మెడ చుట్టూ, మణికట్టు చుట్టూ రంగు కొంచెం తేడాగా ఉంటే అక్కడ విరిగి అతికించి ఉంటారు. దొంగనోట్లు చూసే చిన్న యూవీ టార్చి వెంట పెట్టుకుంటే చీకట్లో దాని కింద కొత్త జిగురు, కొత్త రంగు చుట్టుపక్కల కన్నా వేరేగా వెలుగుతాయి. గాజుపూత మీద సాలెగూడులా సన్నటి గీతలుంటే అది పాతబడ్డ గుర్తే తప్ప విరగబోతోందని కాదు. దానికి బేరం ఆడొచ్చు, వదిలేయనక్కర్లేదు.

అతికించిన బొమ్మ కొనొచ్చా? కొనొచ్చు, మీ ఇంటి కథకి సంబంధించినదైతే తప్పకుండా కొనండి. పెట్టుబడి అనుకుని మాత్రం వద్దు. అసలు పెట్టుబడి లెక్కతో ఈ పనిలోకి రావద్దనే నా మాట. అమ్మబోతే కొన్న రేటు రావడం కూడా కష్టం.

ఇంకొక జాగ్రత్త, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువుల్ని మనలాంటి వాళ్ళు దేశం బయటికి పంపకూడదు. అమెరికాలో ఉన్న అక్కకి జేజి బొమ్మని కొరియర్ చేసేముందు ఇది గుర్తుంచుకోండి.

కడగడం

మన దగ్గర పింగాణీకి శత్రువులు రెండు, ఆషాఢం గాలికి లేచే దుమ్ము, బోరు నీళ్ళలో ఉప్పు. మూడోది దీపం మసి.

మామూలు దుమ్ముకి నీళ్ళే అక్కర్లేదు. మెత్తటి మేకప్ బ్రష్‌తో పైనుంచి కిందికి దులపండి. గుడ్డతో తుడవకండి, గుడ్డ పోగు ఒక వేలికో పూరేకుకో తగులుకుని లాగిందంటే అది ఊడి చేతికొస్తుంది.

ఏడాదికొకసారి, దసరాకి ముందు, తడి శుభ్రం చేయొచ్చు. సింక్‌లో వద్దు, కుళాయి తగిలి ఎన్ని విరుగుతాయో. ప్లాస్టిక్ టబ్ అడుగున మందపాటి టవల్ మడిచి వేసి, క్యాన్ తెప్పించుకునే ఆర్వో నీళ్ళు గోరువెచ్చగా పోసి, రెండు చుక్కలు పిల్లల షాంపూ కలపండి. బోరు నీళ్ళు వాడితే ఆరాక తెల్ల మచ్చలు మిగులుతాయి, గాజుపూత మీద ఉన్న సన్నటి గీతల్లోకి ఉప్పు దిగి లోపలే గడ్డకడుతుంది. బెజ్జాన్ని దూదితో మూసి, ఒకసారికి ఒక్క బొమ్మనే దించి, మెత్తటి బ్రష్‌తో రుద్దీ రుద్దనట్టు కడిగి, వేరే ఆర్వో నీళ్ళలో ముంచి తీసి, నీడలో టవల్ మీద ఆరబెట్టండి. మిద్దె మీద ఎండలో పెట్టకండి, తడి బొమ్మకి ఒక్కసారిగా వేడి తగిలితే ఉన్న పగులు సాగుతుంది.

చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి తోమే పొడి, బ్లీచింగ్, వీటి జోలికి పోవద్దు. దీనికి కారణం ఉంది. బంగారు అంచు, కనురెప్పలు, పెదాల ఎరుపు చాలావరకు గాజుపూత పైన వేసి, మళ్ళీ 800 డిగ్రీలకి అటూఇటూ తక్కువ వేడిలో కాల్చినవి. అవి లోపలి పింగాణీలా గట్టివి కావు, రుద్దితే లేచిపోతాయి. పీచు పెట్టి తోమిన జపాన్ పాపలకి కళ్ళుండవు, అది చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

బిస్క్ ముఖాలకి, అతికించిన బొమ్మలకి, గుడ్డ బట్టలు తొడిగినవాటికి నీళ్ళు అసలు వద్దు. పొడి బ్రష్ చాలు, మరీ మురికిగా ఉంటే దూదిపుల్లని తడిపి పిండి ఆ చోట మాత్రం అద్దండి.

కొలువులోనూ, బీరువాలోనూ

కొలువు మెట్ల మీద ధర్మవరం పట్టుచీర పరిస్తే కళ్ళు చెదిరేలా ఉంటుంది, కానీ పట్టు జారుతుంది. కింద ముతక నూలు దుప్పటి వేసి, దాని మీద చీర పరిచి, మెట్టు మెట్టుకీ అంచు లోపలికి గట్టిగా దోపి, బొమ్మ నిలబడే చోట చీర మీద చిన్న ఫెల్ట్ ముక్క పెట్టండి. పింగాణీవి మధ్య మెట్ల మీద ఉండాలి. పై మెట్టు మీద ఫ్యాన్ గాలి, కింది మెట్టు మీద పిల్లల కాళ్ళు. దీపాలు నేల మీదే, మెట్లకి దూరంగా. సీరియల్ బల్బుల వైరు బొమ్మల మెడల చుట్టూ తిప్పకండి, పేరంటానికి వచ్చిన వాళ్ళలో ఒకరి చీర ఆ వైరుకి తగిలితే వరసంతా పడుతుంది.

విజయదశమి రాత్రి ఒక బొమ్మని పడుకోబెట్టి కొలువు ముగిస్తాం కదా, దానికి పింగాణీది ఎంచకండి, కొయ్యది పెట్టండి.

మిగతా ఏడాదంతా బీరువాలో ఉంచేవాటికి, అద్దాల తలుపు గట్టిగా మూసుకునేలా అంచులకి ఫోమ్ టేప్ అంటించండి, దుమ్ము సగం తగ్గుతుంది. పడమటి ఎండ పడే గోడ, ఫ్రిజ్ పైభాగం, స్పీకర్ల పక్క, ఇవి వద్దు. బొమ్మ అడుగున చిన్న ముద్ద మ్యూజియం మైనం పెడితే కదలదు, తీసేటప్పుడు పైకి లాగకుండా మెల్లగా తిప్పాలి.

విరిగితే

విరుగుతుంది. ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. ఆ క్షణంలో పిల్లల్ని కసరకండి, ముక్కలు ఏరండి. బియ్యపుగింజంత ముక్క కూడా వదలకుండా, చీపురు పెట్టకుండా చేత్తో ఏరి, టిష్యూలో చుట్టి, జిప్ కవర్‌లో వేసి, బొమ్మ నంబరు, తేదీ రాయండి.

ఫెవిక్విక్ వద్దు. క్షణంలో పట్టేస్తుంది కాబట్టి వెంట్రుకవాసి తేడా వచ్చినా సరిదిద్దుకోలేరు. ఎరాల్డైట్ గట్టిగా పట్టుకుంటుంది, కానీ ఏళ్ళు గడిస్తే పసుపెక్కుతుంది, తీయాలంటే చాలా కష్టం. మ్యూజియంలలో వాడే పారాలాయిడ్ బి-72 అనే జిగురు అసిటోన్‌లో కరుగుతుంది, అంటే రేపు ఇంకా బాగా అతికేవాళ్ళు దొరికితే విప్పి మళ్ళీ చేయొచ్చు. ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ముందు జిగురు లేకుండా ముక్కలు పేర్చి ఏది ముందు ఏది తర్వాత అని వరస చూసుకోండి. అంచులు శుభ్రంగా ఉండాలి, వేలితో తాకకూడదు. సన్నగా పూసి, అతికించి, గిన్నెలో ఇసుక పోసి అతుకు పైకి వచ్చేలా బొమ్మని అందులో నిలబెడితే దాని బరువే దాన్ని సరిగ్గా కూర్చోబెడుతుంది. కిటికీ తెరిచి చేయండి, దీపం, పొయ్యి దగ్గర వద్దు, అసిటోన్ మంటని ఇట్టే పట్టుకుంటుంది. ఖరీదైనదైతే మీరు ముట్టుకోకుండా ముక్కలు దాచి, పని తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

పోయిన చోట రంగు వేసి దాచాలని నాకనిపించదు. ఎవరి చేతిలో, ఏ పండగకి విరిగిందో నోట్‌బుక్‌లో రాయండి. అది కూడా ఆ బొమ్మ కథలో భాగమే.

దాచిపెట్టడం

మొదటి పొర ఉతికిన పాత నూలు పంచె ముక్క గానీ తెల్ల టిష్యూ గానీ ఉండాలి. న్యూస్‌పేపర్ సిరా బిస్క్ ముఖానికి అంటుకుంటే పోదు. బబుల్ ర్యాప్ రెండో పొరగానే వాడండి, ఎండాకాలం వేడికి ఆ ప్లాస్టిక్ నేరుగా తగిలిన చోట గుండ్రటి మచ్చలు పడతాయి. రబ్బరు బ్యాండు వేయకండి. చెప్పుల డబ్బాకి ఒకటి చొప్పున పెట్టి, చేతుల చుట్టూ, మెడ చుట్టూ ఖాళీల్లో టిష్యూ ఉండలు నింపి, మూత మీద నంబరు రాయండి. అటక మీద కాకుండా బీరువా అడుగు అరలో పెట్టండి. ఎత్తేటప్పుడు తల పట్టుకుని గానీ చెయ్యి పట్టుకుని గానీ కాకుండా ఒక చెయ్యి నడుము దగ్గర, ఒక చెయ్యి అడుగున.

పిల్లల చేతికివ్వడం, పంపకం

ముట్టుకోనివ్వని బొమ్మ మీద పిల్లలకి ప్రేమ ఉండదు. ఐదేళ్ళు దాటిన పిల్లల్ని దుప్పటి మీద కూర్చోబెట్టి, ఒళ్ళో బొమ్మ పెట్టి బ్రష్‌తో దులపనివ్వండి. చదవడం వచ్చినవాళ్ళకి నోట్‌బుక్ ఇచ్చి, ఒక్కో డబ్బా తెరిచేటప్పుడు ఆ పేజీ గట్టిగా చదివించండి. మెట్ల మీద పేర్చేలోగా ఇంటి చరిత్ర ఒకసారి అందరికీ వినపడుతుంది. పదిహేనేళ్ళు దాటినవాళ్ళు అడుగు ముద్రలు గుర్తుపట్టడం, అతకడం నేర్చుకోవచ్చు.

పంపకం సంగతి పెద్దవాళ్ళు ఉండగానే మాట్లాడండి. ఈ మాట ఎత్తడం అశుభమని ఊరుకుంటే, తర్వాత ఒక బొమ్మ కోసం అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకోకుండా ఉండిపోయిన ఇళ్ళున్నాయి. రెండు పద్ధతులు నాకు నచ్చుతాయి. ఒకటి, సేకరణంతా ఒకటిగానే ఉంచి, కొలువు ఒక ఏడు అనంతపురంలో అన్న ఇంట్లో, మరో ఏడు ప్రొద్దుటూరులో అక్క ఇంట్లో, అట్లా తిప్పడం. అందరూ నాలుగైదు గంటల దూరంలో ఉంటేనే ఇది కుదురుతుంది. రెండోది, ఎవరు ఏ సంవత్సరం ఎంచిన బొమ్మ వాళ్ళకే పోవడం. ఏటా ఎంచినవాళ్ళ పేరు రాసి ఉంటుంది కాబట్టి గొడవకి తావుండదు, జేజి కాలం నాటివి మాత్రం చీటీలు వేసుకోవచ్చు. ఏ పద్ధతైనా నోట్‌బుక్ చివరి పేజీలో రాసి అందరిచేతా సంతకాలు పెట్టించండి, మొత్తం జిరాక్స్ తీయించి ఇంటికొక కాపీ ఇవ్వండి, అసలు నోట్‌బుక్ ఆ ఏడు కొలువు ఎవరింట్లో ఉంటే వాళ్ళ దగ్గర ఉండాలి.